ఇల్లు మార్చుకున్నాం, వదినా

జూన్ 4, ఆదివారం

వదినకు,

ఈ వారం నేను డిపోకి నడిచి వెళ్ళాను. నమ్ముతావా? తెల్లవారకముందు బయల్దేరే మొదటి బస్సు నాదే కదా. ఇన్నేళ్ళూ దాన్ని నడపడానికి ఊరి ఆ చివర చీకట్లో లేచి, కనపడిన పాల వ్యానునల్లా ఆపి ఎక్కి, డిపో గేటు దగ్గర దిగేసరికి సగం ప్రాణం పోయేది. ఇప్పుడు మొహం కడుక్కుని మీ వీధి మలుపు తిరిగితే గేటు. వాచ్‌మన్ నన్ను చూసి, "ఏమ్మా, రాత్రి బస్సులోనే పడుకున్నావా?" అన్నాడు.

నీకూ అక్కడ హాయిగానే ఉందని అన్నయ్య చెప్పాడు. నువ్వు డ్యూటీ చేసే పసిపిల్లల వార్డులో ఏ బిడ్డ ఏడ్చినా ఇంట్లోకి వినపడుతుందట. నీ ఇంటికి నేనూ, నా ఇంటికి నువ్వూ. ఇంత తేలికైన ఉపాయం మనకి ఇంతకాలం ఎందుకు తట్టలేదో! అన్నయ్యదేముంది, ఊరంతా తిరిగి లిఫ్టులు బాగుచేసేవాడు, ఎక్కడ పడుకున్నా ఒకటే. మీ ఓనరు మాత్రం నన్ను ఎగాదిగా చూసి, "ఆడమనిషి బస్సు నడుపుతుందా? అయితే అద్దె కూడా టైముకి వస్తుందన్నమాట" అన్నాడు. తిట్టాడో పొగిడాడో ఇంకా తేల్చుకోలేదు.

ఇక అమ్మ సంగతి. సామాన్లు లారీ ఎక్కిస్తుంటే మెట్టు మీద కూర్చుని, "మీ ఇద్దరివేనా ఉద్యోగాలు? నాది కాదా? నా కుట్టుమిషను ఈ వీధిలో ఉంది. నేను కదలను, మీరే నా చుట్టూ మారండి" అంది చూడు, ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తోంది. నువ్వు ఏదో అనబోయి ఆగిపోయావు. అన్నయ్య తాడు ముడి మీద పడ్డాడు. అలా మా అమ్మ ఇంటితో పాటు నా వాటాకి వచ్చింది. పొద్దున్నే మందులషాపు మెట్ల కింద మిషను దగ్గర కూర్చుంటుంది. జిప్పులూ, అంచులూ, కాలర్లూ.

ఒకటే ఇబ్బంది. వంటింట్లో ఏ డబ్బా కదిపినా, "అది కోడలు పెట్టిన చోటు" అంటోంది.

ఈ ఉత్తరం అన్నయ్య పనిముట్ల పెట్టెలో వేసి పంపుతున్నాను. మనకున్న ఫోన్లు ఆస్పత్రిలో ఒకటి, డిపోలో ఒకటి. రెండూ కబుర్లకి పనికిరానివే.

నీ ఆడపడుచు,
పిచ్చుక


జూన్ 11

పిచ్చుకా,

నువ్వు పుట్టినప్పటి నుంచీ నోరు మూయలేదని అత్తయ్య నీకు ఆ పేరు పెట్టారట. ఉత్తరంలోనూ అంతే. చదువుతుంటే చెవులు నొప్పెట్టాయి, ఇంకా ఉంటే బాగుండుననీ అనిపించింది.

నిజం చెప్పనా? ఈ గదుల్లో అడుగుపెట్టిన మొదటి రోజే నీ మీద ఒళ్ళు మండింది. ఇంత వెలుతురు! మూడో అంతస్తు, రెండే గదులు, కానీ పొద్దున్న మంచం మీద, సాయంత్రం పొయ్యి మీద ఎండ. మేము పదకొండేళ్ళు పట్టపగలు లైటు వేసుకుని కూరలు తరుక్కున్నాం. పండక్కీ పబ్బానికీ వచ్చి మా చీకటింట్లో కూర్చుని, "బాగుంది వదినా, చల్లగా ఉంది" అనేదానివి. ఒక్కసారైనా నీ కిటికీ సంగతి చెప్పావా?

అత్తయ్య గురించి కొన్ని మాటలు. మోకాలికి నూనె స్నానానికి ముందు రాయాలి, తర్వాత కాదు. టీ రెండో పొంగుకి దించాలి. ఆవిడ "వద్దు" అంటే ఇంకోసారి అడగాలి, మూడోసారి అడిగితే కోపం వస్తుంది. ఎడమ చెప్పు లోపల ఒక గుడ్డముక్క పెట్టాలి, లేకపోతే కాలు ఒరుసుకుంటుంది. సాయంత్రం మెట్టు మీద కూర్చున్నప్పుడు పక్కన ఎవరైనా కూర్చోవాలి, మాట్లాడకపోయినా ఫరవాలేదు.

నాకు మంగళవారాలు సెలవే గానీ బట్టలు ఉతుక్కోవడానికే సరిపోతోంది. రాలేకపోతున్నాను.

ఆవిడ నన్ను అడుగుతున్నారా?

నీ వదిన


జూన్ 25

వదినా,

గుడ్డముక్క పెట్టాను. నూనె రాశాను. టీ రెండో పొంగుకే దించాను. ఇంకేమైనా ఉంటే అవీ రాయి. మా అమ్మతో ఎలా ఉండాలో నాకు తెలియదు మరి, ఆవిడ కడుపున పుట్టడం తప్ప నేనేం చేశాను!

కోపం తెచ్చుకోకు. నీ మీద కాదు. కొంచెం నీ మీదే.

నిన్న కూర వండాను. అమ్మ ఒక ముద్ద తిని, "బాగుంది" అంది. ఆ "బాగుంది" ఎలాంటిదో నీకు తెలుసు. తర్వాత నన్ను పిలవబోయి రెండుసార్లు నిన్ను పిలిచింది. కోడళ్ళ పేర్లకి బదులు కూతుళ్ళ పేర్లు నోట్లోకి రావడం విన్నాను గానీ, ఇలా తారుమారవడం మా ఇంట్లోనే చూశాను. అడుగుతోందా అంటావేమిటి? అడక్కుండా ఉన్న గంట ఏదో చెప్పు.

సరే, నాకు దక్కింది కూడా చెప్పనీ. మొన్న ఆదివారం నాకు సెలవైనా వేరే డ్రైవరు రాలేదని బండి తీశాను. అమ్మని ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్ళీ వెనక్కి తిప్పాను. వంతెన దాటాక బస్సు ఖాళీ అయింది. అప్పుడు అమ్మ పాడింది. చిన్నప్పుడు నన్ను నిద్రపుచ్చిన పాట, ఒక్క ముక్క తప్పకుండా. కండక్టరు టికెట్లు లెక్కపెట్టడం ఆపేసి విన్నాడు.

అమ్మకి అంత మంచి గొంతు ఉందని నీకెప్పుడైనా తెలుసా?

పిచ్చుక


జులై 3

పిచ్చుకా,

తెలియదు.

పదకొండేళ్ళు ఒకే పొయ్యి దగ్గర నిలబడ్డాం. ఆవిడ కూనిరాగం కూడా నేను వినలేదు. నీ ఉత్తరం వార్డులో చదివాను. పక్క నర్సు, "ఇంట్లో ఎవరికైనా బాగాలేదా?" అని అడిగింది. అందరూ బాగానే ఉన్నారని చెప్పాను. నిజమే కదా, అందరూ బాగానే ఉన్నారు. నేను లేకుండా.

నాకు తల్లి చిన్నప్పుడే పోయిందని నీకు తెలుసు. ఈ ఇంటికి వచ్చిన కొత్తలో అత్తయ్య నా తల దువ్వుతూ, "నాకు ఇద్దరు కూతుళ్ళు" అన్నారు. ఆ మాట నమ్ముకుని బతికాను. ఇప్పుడు చూస్తే ఒక కూతురికి పాటలు, ఇంకో కూతురికి డబ్బాలు సర్దే పని.

మీ అన్నయ్య కూడా రోజూ మధ్యాహ్నం అక్కడే భోంచేస్తున్నారట. డిపో వీధిలో అన్ని లిఫ్టులు ఎక్కడివమ్మా? మందులషాపు మేడ తప్పితే అక్కడున్నవన్నీ ఒంటి అంతస్తు ఇళ్ళేగా!

ఇల్లు మార్చుకుందామని ముందు అన్నది నువ్వు. పని దగ్గరవుతుందని అనుకున్నాను. నువ్వు ఇల్లు తీసుకుంటున్నావో, ఇంట్లో మనుషుల్ని తీసుకుంటున్నావో అప్పుడు నాకు బోధపడలేదు.

వదిన


జులై 9

వదినా,

ఎంత మాట అన్నావు!

అయితే నేనూ అడుగుతాను. రెండు గదుల ఇంట్లో ముగ్గురు ఎలా సర్దుకుంటారని నేను అప్పుడే అడిగితే, "చూద్దాంలే" అన్నావు. అమ్మ మంచం కొలత కూడా చూసుకోకుండా ఒప్పుకున్నావు. అమ్మ రానంటే "రండి అత్తయ్యా" అని ఒక్క మాట అన్నావా? నోరు తెరిచి మళ్ళీ మూసుకున్నావు. నేను కళ్ళారా చూశాను. ఆవిడ బరువు దిగింది కదా అని నువ్వు ఊపిరి పీల్చుకున్నావని అప్పుడే అనిపించింది. అనకూడదని ఊరుకున్నాను. ఇప్పుడు అంటున్నాను.

అన్నయ్య తింటే తిననీ. వాడి అమ్మ వండిన కూర, వాడి చెల్లెలి ఇల్లు. ఇది నా ఇల్లు ఇప్పుడు. డబ్బాలన్నీ నిన్న మార్చేశాను. అమ్మ ఉప్పు కోసం వెతుక్కుంటోంది, వెతుక్కోనీ.

పిచ్చుక


జులై 26

వదినా,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. నేనూ ఇంక రాయకూడదనుకున్నాను. కానీ నిన్న జరిగింది నువ్వు వెనక సీట్లోంచి చూశావు, నేను అద్దంలోంచి చూశాను. నాకు కనపడింది నీకు తెలియాలి.

నాలుగో ట్రిప్పు. మన వీధి స్టాపులో ఎవరో చెయ్యి అడ్డం పెడితే ఆపాను. ముందు నువ్వు కనపడ్డావు. మంగళవారం పూట, ఇంట్లో బట్టలు ఉతుక్కోవాల్సిన మనిషివి, నా వీధిలో! వెటకారంగా ఏదో అందామనుకున్నాను. నీ వెనక అమ్మ ఎక్కింది. కుడి చెయ్యి తువ్వాలులో చుట్టి ఉంది. తువ్వాలు తడిసి ఎర్రగా ఉంది. "మిషను సూది వేల్లోకి దిగిపోయింది. ఆస్పత్రికి పోనివ్వు" అన్నావు. ఎవరో డ్రైవరుతో అన్నట్టు.

నేను లేవబోయాను. అమ్మ, "పిచ్చుకా, రోడ్డు చూడవే" అంది.

రోడ్డు చూశాను వదినా. ప్రతి స్టాపులోనూ ఆగాను. చిల్లర కోసం దెబ్బలాడే ముసలాయన, పిల్లాణ్ణి దింపడానికి నిదానంగా మెట్లు దిగే తల్లి, అందరి కోసం ఆగాను. ఎదురుగా రోడ్డు, తల మీద అద్దం. అద్దంలో మా అమ్మ తల నీ భుజం మీద ఉంది. నీ చెయ్యి ఆవిడ జుట్టు సవరిస్తోంది. నువ్వు చెవిలో ఏదో చెబితే ఆవిడ అంత నొప్పిలోనూ నవ్వింది. నేను పట్టుకున్నది స్టీరింగు. వదిలేస్తే నలభై మంది చస్తారు. ఆస్పత్రి దగ్గర మీరు దిగారు. అమ్మ వెనక్కి తిరిగి చూసింది, నన్నో బస్సునో తెలియలేదు. కండక్టరు గంట కొట్టాడు. వెళ్ళిపోయాను.

సాయంత్రం మెట్ల కింద మిషను మీద గుడ్డ కప్పడానికి వెళ్తే, పక్కన ఇస్త్రీ బండి పెట్టుకునే ఆవిడ చెప్పింది. నువ్వు ప్రతి మంగళవారం వస్తావట. వారానికి సరిపడా చేతిసూదులన్నిటికీ దారాలు ఎక్కించి సూదుల దిండుకి గుచ్చి వెళ్తావట. అమ్మకి సూది బెజ్జం కనపడటం మానేసి ఎంతకాలమైందో కూడా ఆవిడకి తెలుసు. వీధి మొత్తానికి తెలుసు. ఒకే ఇంట్లో పడుకునే నాకు తెలియదు.

నువ్వు నర్సువి. కళ్ళు పోతున్న మనిషికి దారాలు ఎక్కించి ఇచ్చి మిషను మీద కూర్చోబెడతావా?

అమ్మ చెయ్యి ఎలా ఉంది?

పిచ్చుక


జులై 30

పిచ్చుకా,

వేలు ఫరవాలేదు. ఎముకకి తగల్లేదు. కట్టు కట్టి మా ఇంట్లోనే పడుకోబెట్టాను.

నీ కోపంలో సగం నాకు రావలసిందే. ఆవిడ కళ్ళలో పొర కమ్ముతోందని నాకు రెండేళ్ళుగా తెలుసు. డాక్టరు దగ్గరికి పదండని ఎన్నిసార్లు అడిగానో! కత్తి అంటే భయం. "పిచ్చుకకి చెప్పావంటే బస్సులో పడేసి తీసుకెళ్ళి కోయించేస్తుంది, చెప్పనని ఒట్టు వెయ్" అన్నారు. వేశాను. నీకు చెప్పకుండా నాకొక్కదానికే చెప్పిన సంగతి అది ఒక్కటే. నీకు పాట ఉంది, నాకు సూదులున్నాయి. అందుకే దాన్ని దాచుకున్నాను. అలా దాచుకోవడం తప్పని వేలు చూశాక తెలిసింది.

మంగళవారాలు వచ్చి ఇంట్లో అడుగు పెట్టకపోవడానికి కారణం నీకు తెలుసు. "ఇది నా ఇల్లు ఇప్పుడు" అని రాసింది నువ్వు. అంతకుముందు, రాలేకపోతున్నానని అబద్ధం రాసినప్పుడు మాత్రం, నేను వచ్చానని తెలిస్తే నీ మొహంలో ఏం కనపడుతుందోనని భయం.

లారీ ఎక్కించిన రోజున నేను నోరు తెరిచింది, "నేనూ రానత్తయ్యా" అనడానికి. మీ అన్నయ్య మొహం చూసి మూసుకున్నాను. ఊపిరి పీల్చుకున్నానన్నావు. ఏం పీల్చుకున్నానో నాకు తెలుసు.

కంటి డాక్టరు చూశాడు. ఆపరేషను చేస్తే బాగా కనపడుతుందన్నాడు. ఈసారి ఆవిడ కాదనలేదు. తేదీ తెలియగానే రాస్తాను.

వదిన


ఆగస్టు 6

వదినా,

పొద్దున్న వచ్చాను. నువ్వు తలుపు సగం తీసి, పెదాల మీద వేలు పెట్టి, "ఇప్పుడే నిద్రపట్టింది" అన్నావు. నేను పదేళ్ళు అద్దె కట్టిన గది అది. ఆ కిటికీ పక్కన మా అమ్మ పడుకుని ఉంది. మొహం మీద ఎండ. గుమ్మం బయట చెప్పులేసుకుని నిలబడింది నేను.

నువ్వు టీ తాగమన్నావు. నిజమే. నేనే వద్దన్నాను. రెండోసారి అడగలేదు నువ్వు. అడగాలన్న సంగతి అమ్మ విషయంలోనే గుర్తుంటుంది కాబోలు.

మెట్లు దిగుతూ ఒకటి అనుకున్నాను, రాస్తున్నాను. వెలుతురున్న ఇల్లు నీకిచ్చాను, ఇప్పుడు అమ్మ కూడా ఆ వెలుతురులోకే వచ్చేసింది. నా దగ్గర మూడు గదులూ, డిపో హారన్లూ మిగిలాయి. మొన్న ఉప్పు డబ్బా తీసి మళ్ళీ నువ్వు పెట్టిన చోటే పెట్టాను. అమ్మ లేనప్పుడు ఎక్కడుంటే ఏముంది.

ఆపరేషను తేదీ చెప్పడం మర్చిపోకు. ఆ రోజు నేను సెలవు పెడతాను. చెయ్యి పట్టుకునేది నేనే. ఇది మాత్రం నాకు వదిలెయ్యి.

పిచ్చుక


ఆగస్టు 10

పిచ్చుకా,

పదిహేడో తేదీ, గురువారం, పొద్దున్నే. కంటి వార్డు ఆస్పత్రి వెనక గేటు పక్కనుంది, నీ పాత కిటికీ కిందే. ముందురోజు సాయంత్రమే వచ్చి ఇక్కడ పడుకో. నేను వార్డులో డ్యూటీ వేయించుకుంటాను, గది నీకూ అత్తయ్యకీ వదిలేస్తాను.

చెయ్యి పట్టుకునేది నువ్వేనని అత్తయ్యకి చెప్పాను. "అది రాకపోతే నేను బల్ల ఎక్కను" అన్నారు. ఆ మాట విని నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు గిన్నెలు గట్టిగా తోమాను. తోమడం అయిపోయింది. రా.

వదిన


ఆగస్టు 20

వదినగారికి,

డిపోలో మెకానిక్కు భార్య మీ ఆస్పత్రిలో ఊడుస్తుంది. "మీ అమ్మగారికి కన్ను ఆపరేషను బాగా అయిందటగా" అని నిన్న అతను నాకు చెప్పాడు. ఇంజను ఆన్‌లో ఉంది. ఏమన్నాడో మళ్ళీ చెప్పమన్నాను.

ఒక్క మాట అడిగాను నిన్ను. ఒక్క మాట.

ఇకనుంచి అన్నయ్య చేతికి నాకేమీ పంపకు. అమ్మ ఎవరి దగ్గర ఉండాలనుకుంటే అక్కడే ఉంటుంది. నేను అడగను.

ఉంటాను.


ఆగస్టు 22

పిచ్చుకా,

నీ ఉత్తరం అందగానే మీ అన్నయ్య పనిముట్ల పెట్టె నేల మీద బోర్లించాను. పదో తేదీ ఉత్తరం గ్రీజు డబ్బాకి అంటుకుని అడుగున ఉంది. దీనితో జతపరిచాను, నూనె మరకలు నావి కావు. "ఇచ్చాననే అనుకున్నాను" అన్నారు ఆయన. రెండు రోజులుగా ఆయనతో మాట్లాడటం లేదు. ఊళ్ళో లిఫ్టులన్నీ ఎక్కడికక్కడ ఆగిపోయినా సరే.

నువ్వు కోపంతో రాలేదనుకున్నాను. గురువారం ఏం జరిగిందో విను. అత్తయ్య బల్ల పక్కన కూర్చుని గుమ్మం వైపే చూశారు. చూపు ఆనదు కదా, ఎవరు వచ్చినా, "పిచ్చుకా?" అన్నారు. ఊడ్చే ఆవిడని అన్నారు, మందులు తెచ్చిన కుర్రాణ్ణి అన్నారు. డాక్టరు విసుక్కుంటున్నాడు. నాకు నీ మీద ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అయినా, "వంతెన మీద దాని బస్సు చెడిపోయింది. నలభై మందిని నడిరోడ్డు మీద వదిలేసి రాలేదు కదా అత్తయ్యా" అన్నాను. "అదీ నిజమే, అది వదలదు" అని బల్ల ఎక్కారు. గర్వంగా ఎక్కారు. చెయ్యి నేను పట్టుకున్నాను. పట్టుకున్నంతసేపూ ఆవిడ దాన్ని నీ చెయ్యే అనుకుని ఉంటే బాగుండునని కోరుకున్నాను. పదకొండేళ్ళలో ఇలాంటి కోరిక నాకు ఇదే మొదటిసారి.

కట్టు విప్పేది ఆదివారం. నీ సెలవు రోజు. ఆవిడ కళ్ళు తెరిచేసరికి ఎదురుగా నువ్వుండాలి. ఈ ఉత్తరం ఆయనకి ఇవ్వడం లేదు. నేనే డిపో గేటులో వాచ్‌మన్ చేతికి ఇచ్చి వెళ్తున్నాను.

వదిన


సెప్టెంబర్ 17

వదినా,

కట్టు విప్పిన రోజున మనిద్దరం చెరో పక్కన నిలబడితే అమ్మ ముందు నన్ను చూసి, తర్వాత నిన్ను చూసి, "అయ్యో, ఇద్దరికీ వయసొచ్చేసింది. మసకగా ఉన్నప్పుడే అందంగా ఉండేవాళ్ళు" అంది కదా. ఆ మాటకి నువ్వు ఏడుస్తూ నవ్వావు. నేను ఉత్తినే ఏడ్చాను. నా నోటికి మాట రాకపోవడం అన్నయ్య మొదటిసారి చూశాడట, వీధంతా చెప్పుకుంటున్నాడు.

ఇప్పుడు అసలు వార్త. నువ్వు కూర్చుని చదువు. అమ్మ మిషను కోసమని మళ్ళీ నా దగ్గరికి వచ్చి రెండు వారాలే కదా. నిన్న మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చేసరికి అమ్మ మంచం గదిలో లేదు. ఇద్దరు కూలీలు దాన్ని మోసుకుని వీధిలో పోతున్నారు. అమ్మ వాళ్ళ ముందు నడుస్తూ, "మంచంకోడు తగులుతుంది, వంచండి" అని అరుస్తోంది. మందులషాపు పైన ఒక గది ఖాళీగా ఉందట. ఇస్త్రీ ఆవిడ, అమ్మ, ఇద్దరూ కలిసి అద్దెకి తీసుకున్నారు. మెట్లు దిగితే మిషను.

"ఇదేమిటమ్మా, నేనేం తక్కువ చేశాను?" అన్నాను.

"తక్కువా? ఒకతి ఈ చెయ్యి లాగుతుంది, ఇంకొకతి ఆ చెయ్యి లాగుతుంది. భుజాల దగ్గర కుట్లు ఊడిపోతున్నాయి నాకు. మీరు పని దగ్గరని ఇళ్ళు మారారు. నేనూ మారాను. ఇందులో మీకు కొత్తేముంది?" అంది.

"నిన్ను చూడటానికి రావచ్చా?" అన్నాను. "ఇద్దరూ కలిసి వస్తే తలుపు తీస్తా. విడివిడిగా వచ్చి ఒకరి మీద ఒకరు చాడీలు చెబితే మెట్ల మీదనుంచే పంపేస్తా" అంది.

నా సెలవు ఆదివారం, నీది మంగళవారం. ఏం చేద్దాం?

పిచ్చుక


సెప్టెంబర్ 20

పిచ్చుకా,

వచ్చే ఆదివారానికి సెలవు మార్చుకున్నాను. వస్తున్నాను.

మీ అన్నయ్య నిన్న ఆ గదికి వెళ్ళొచ్చారు. మగవాళ్ళకి ఆ షరతు లేదట! ఏం చూశారో అడిగితే, ఆ ఇస్త్రీ ఆవిడ అత్తయ్యని "ఏమే" అని పిలుస్తోందని చెప్పారు. "ఏమే"! అత్తయ్య కూడా ఆవిడని "పోవే" అన్నారట, ఇద్దరూ విరగబడి నవ్వారట. పదకొండేళ్ళు నేను "ఏవండీ అత్తయ్యా" అంటూ ఒద్దికగా నిలబడ్డాను. నవ్వడానికి ఒద్దిక అడ్డమని ఎవరైనా ముందే చెప్పి ఉండాల్సింది.

ఆవిడకి అత్తయ్య మోకాలి సంగతి తెలుసా? చెప్పులో గుడ్డముక్క సంగతి? నువ్వైనా చెప్పావా? చెప్పకు. ఒక్కటైనా మన దగ్గర ఉండనీ.

వదిన


సెప్టెంబర్ 27

వదినా,

ఇల్లు చేరావని అన్నయ్య చెప్పాడు. ఉత్తరం రాస్తానని స్టాపులో చెప్పాను కదా, అందుకే ఇది.

ఆదివారం నుంచి ఆ గదే కళ్ళ ముందు తిరుగుతోంది. మనం వెళ్ళేసరికి వాళ్ళిద్దరూ మంచం మీద కాళ్ళు చాపుకుని, కింద వీధిలో పోయేవాళ్ళని చూస్తూ ఎవరి ప్యాంటు ఎంత పొట్టిగా కుట్టారో చెప్పుకుంటున్నారు. మనల్ని చూసి అమ్మ లేవలేదు. "ఆ చాప మీద కూర్చోండి" అంది. నువ్వు తెచ్చిన పళ్ళు ఇస్త్రీ ఆవిడే కోసింది. కోసి ముందు అమ్మకి, తర్వాత తనకి, చివర్న మనకి ఇచ్చింది. నువ్వు నా వైపు చూశావు. నేను నీ వైపు చూశాను. అప్పుడు నాకు నవ్వు ఆగలేదు. మనం ఇద్దరం ఒకే మొహం పెట్టుకుని ఉన్నాం వదినా. అద్దంలో చూసుకున్నట్టు ఉంది. నాలుగు నెలలు ఒకరినొకరు పీక్కుతిన్నాం, మన ఇద్దరినీ ఆవిడ ఒక్క పళ్ళెంతో కూర్చోబెట్టేసింది.

అమ్మ బాగుంది. అది చూడటం కొంచెం కష్టంగా ఉంది. మనం లేకుండా ఆవిడ బాగుండగలదని నేను అనుకోలేదు, నువ్వూ అనుకోలేదు. ఆ సంగతి మనిద్దరం తప్ప ఇంకెవరితో చెప్పుకున్నా అర్థం కాదు.

మెట్లు దిగాక నువ్వు మా ఇంటి గుమ్మం దాకా వచ్చి, నేను ఏమంటానో అని ఆగిపోయావు. నేను "రా" అనేలోపు నీ బస్సు వచ్చేసింది. తర్వాత లోపలికి వెళ్ళి మూడు గదుల్లోనూ తిరిగాను. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. ఈ ఇంట్లో నాకు తెలిసిన ప్రతి మూలా నువ్వు ఉన్నప్పటిదే. సెలవులకి వచ్చినప్పుడు నువ్వు నాకు పక్క వేసిన చోటు, అన్నయ్య మీద అలిగి మనిద్దరం తలుపేసుకుని కూర్చున్న గది. నేను ఇన్నేళ్ళూ ఊరి ఆ చివర నుంచి ఇక్కడికి వచ్చింది అమ్మ ఒక్కదాని కోసమేనా? బస్సు నడుపుతూ ఆలోచించాను. కాదు.

అందుకని వచ్చే ఆదివారం మళ్ళీ సెలవు మార్చుకుని రా. మందులషాపు వైపు వెళ్ళొద్దు. నేరుగా ఇక్కడికి రా, నా కోసం. అమ్మ పాడిన ఆ పాట నాకు మొత్తం వచ్చు. గొంతు అమ్మది కాదు, నవ్వకూడదు, నేర్పుతాను. తలుపులు బార్లా తీసి ఇద్దరం గట్టిగా పాడదాం. వీధి చివర దాకా వినపడుతుంది. పై గదిలో కాళ్ళు చాపుకుని కూర్చున్న ఆ ఇద్దరికీ వినపడనీ. మనం ఏం చేస్తున్నామో తెలుసుకోవాలని అమ్మ ప్రాణం కొట్టుకోనీ. ఈసారి ఆవిడనీ కాస్త కుళ్ళుకోనీ.

నీ
పిచ్చుక